గచ్చిబౌలి స్టేడియానికి వీడ్కోలు: ఎక్కడ దిగాం, ఎక్కడ ఉన్నాం, ఏం చూశాం

గచ్చిబౌలి స్టేడియానికి వీడ్కోలు చెప్పడానికి హైదరాబాద్ వెళ్తున్నామంటే మా ఆఫీసులో ఒకాయన "ఏం, కూల్చేస్తున్నారా?" అని అడిగారు. కూల్చడం లేదు. స్టేడియం నిక్షేపంలా ఉంది. అందులో ఆడే క్లబ్బే ఊరు వదిలి పోయింది. 2025 అక్టోబరులో మా ఫుట్‌బాల్ క్లబ్ హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి మారిపోయి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు కూడా మార్చుకుంది.

వేరే దేశాల్లో ఇది వేరేగా జరుగుతుంది. క్లబ్ ఊళ్ళోనే ఉంటుంది, గ్రౌండ్ మారుతుంది. ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ ఊరి క్లబ్ ఎవర్టన్ పురుషుల జట్టు 1892 నుంచి తమ ఇల్లనుకున్న గుడిసన్ పార్కులో చివరి మ్యాచ్ 2025 మే 18న ఆడింది. సౌతాంప్టన్ మీద 2-0తో గెలిచి, పాతతరం ఆటగాళ్ళని మైదానంలోకి పిలిచి, జనం తనివితీరా ఏడ్చి, ఆ తర్వాత నది ఒడ్డున కట్టిన కొత్త స్టేడియానికి మారారు. పాత గ్రౌండ్‌ని కూడా పాడుపెట్టకుండా మహిళల జట్టుకిచ్చారు. ఎవర్టన్‌తో నాకే సంబంధమూ లేదు, అయినా ఫోనులో అది చూస్తూ కళ్ళు తుడుచుకున్నాను. మా క్లబ్‌కీ ఓ చివరి హోమ్ మ్యాచ్ జరిగింది. కాకపోతే అది చివరిదని స్టాండ్లలో ఉన్నవాళ్ళకి ఎవరూ చెప్పలేదు. కాబట్టి వీడ్కోలు సభ మేమే పెట్టుకున్నాం. మేమంటే నేను, మా తమ్ముడు, గచ్చిబౌలిలో నాతోపాటు ఉద్యోగం చేసిన ఖమ్మం స్నేహితుడు. సంక్రాంతి రద్దీ తగ్గాక బయల్దేరాం.

ముందు ప్రయాణం సంగతి. రాజమండ్రి వైపు నుంచి వచ్చేవాళ్ళకి గచ్చిబౌలిలో పనుంటే గౌతమి ఎక్స్‌ప్రెస్‌ని మించింది లేదు. రాత్రి ఎక్కి పడుకుంటే పొద్దున్నే లింగంపల్లి. చాలామంది అలవాటుకొద్దీ సికింద్రాబాద్‌లో దిగిపోతారు. అక్కడ స్టేషన్ని కొత్తగా కడుతున్నారు, సామాన్లతో బయటపడేసరికే నీరసం వస్తుంది, ఆ తర్వాత గచ్చిబౌలికి ఊరంతా దాటాలి. లింగంపల్లి దాకా టికెట్ తీసుకుని నిద్రపోండి. అక్కణ్ణుంచి పాత ముంబై హైవే మీద సెంట్రల్ యూనివర్సిటీ గేటు మీదుగా తిన్నగా వస్తే స్టేడియమే. ఆటో అతను అడిగే రేటుకీ సిటీ బస్సుకీ పోలికే లేదు, బస్సెక్కండి. తెలంగాణలో ఆడవాళ్ళకి బస్సు ఉచితం కదా అని నేను ధీమాగా ఆధార్ తీశాను. కండక్టరమ్మ అడ్రసు చూసి "రాజమండ్రా? మీకు అక్కడ ఫ్రీ, ఇక్కడ కాదు" అని నవ్వి టికెట్ కొట్టింది. న్యాయమే.

మెట్రో గురించి కూడా ఒక మాట. నాగోలు నుంచి వచ్చే లైను రాయదుర్గంలో ఆగిపోతుంది. స్టేడియం అక్కణ్ణుంచి ఇంకో నాలుగైదు కిలోమీటర్లు. మ్యాచులున్న రోజుల్లో నన్ను ఏడిపించింది ఈ నాలుగైదు కిలోమీటర్లే. ఆట రాత్రి ఏడున్నరకి మొదలైతే అయ్యేసరికి తొమ్మిదిన్నర. ఆ టైములో క్యాబ్ బుక్ చేస్తే డ్రైవరు ఫోన్ చేసి "ఎక్కడికి మేడం?" అంటాడు, చెప్పగానే క్యాన్సిల్. ఇంత పెద్ద ఊళ్ళో ముప్ఫైవేల మంది పట్టే స్టేడియం ఎందుకు నిండలేదని చర్చలు పెట్టేవాళ్ళు ఒక్క రాత్రి అక్కడి నుంచి ఒంటరిగా ఉప్పల్‌కో దిల్‌సుఖ్‌నగర్‌కో వెళ్ళి చూడాలి.

బసలో మొదటి రోజు దెబ్బ తగిలింది. స్టేడియానికి దగ్గరని టెలికాం నగర్ వైపు ఒక సర్వీస్ అపార్ట్‌మెంట్ ఆన్‌లైన్‌లో తీసుకున్నాం. ఫొటోల్లో పెద్ద కిటికీ, కిటికీలో ఆకాశం. తీరా కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడ, చెయ్యి చాపితే అందుతుంది. అది సర్దుకోవచ్చు. రిసెప్షన్లో కుర్రాడు మా ఇద్దరి ఆధార్‌లూ పక్కపక్కన పెట్టి "ఇంటిపేర్లు వేరే ఉన్నయ్ కదా" అన్నాడు. పెళ్ళయ్యాక ఆడదాని ఇంటిపేరు మారుతుందని వాడికి వివరించాల్సి వచ్చింది. మా తమ్ముడు చిన్నప్పటి ఫొటోలు చూపించమంటారా అని వెటకారంగా అడిగాడు. వాడు నిజంగానే చూపించమన్నాడు! చివరికి మా అమ్మకి వీడియో కాల్ చేస్తే అమ్మ అతనికి నాలుగు వడ్డించాక గది తాళం చేతికొచ్చింది. గది మాత్రం శుభ్రంగానే ఉంది, వేడినీళ్ళు వచ్చాయి, పదిహేను వందలకి గచ్చిబౌలిలో అంతకన్నా ఆశించకూడదు. అక్కాతమ్ముళ్ళు, వదినామరుదులు వెళ్తుంటే ముందే ఫోన్ చేసి అడిగి బుక్ చేసుకోండి. ఆడవాళ్ళు ఒక్కరే వెళ్తే ఇందిరా నగర్, అంజయ్య నగర్ సందుల్లో లేడీస్ హాస్టళ్ళు రోజు లెక్కన కూడా ఇస్తాయి. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో ఉన్నది అలాంటిదాన్లోనే. తిండి అంతంతమాత్రం, భద్రత బాగుంటుంది.

టిఫిన్ చేసి స్టేడియం గేటు దగ్గరికి వెళ్ళేసరికి ఎండ ఇంకా ఎక్కలేదు. గార్డు మా ముగ్గురినీ పైనుంచి కిందికి చూశాడు.

"మ్యాచేం లేదమ్మా ఇయ్యాల."

"తెలుసన్నా. గ్రౌండ్ ఒకసారి చూసి పోదామని."

"ఖాళీ గ్రౌండ్ ఏం జూస్తరు?"

తమ్ముడు మెడలో ఉన్న పసుపు నలుపు స్కార్ఫ్ చూపించాడు. ఆయన ముఖం కొంచెం విచ్చుకుంది. "ఓ, ఆ టీమోళ్ళా. ఆళ్ళు పోయిండ్రు గదా" అని, కాసేపాలోచించి "స్టాండ్ల దాకా పొండ్రి. ట్రాక్ మీదికి దిగొద్దు, పిల్లలు ఉరుకుతున్రు" అన్నాడు. ఇది ఆ రోజు మా అదృష్టం. అందరినీ ఎప్పుడూ వదులుతారని అనుకోవద్దు. ఏవైనా పోటీలుంటే కుదరదు. పొద్దున పూట వెళ్ళి మర్యాదగా అడిగితే అవకాశం ఎక్కువ.

మేము మామూలుగా కూర్చునే వైపే కూర్చున్నాం. కింద నిజంగానే పిల్లలు పరిగెడుతున్నారు, కోచ్ ఈల వేస్తున్నాడు. ఈ స్టేడియం అసలు ఫుట్‌బాల్ కోసం కట్టింది కాదు. 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడల కాలంలో వచ్చింది. చుట్టూ పరుగుల ట్రాక్ ఉండబట్టి మైదానం స్టాండ్లకి దూరంగా ఉంటుంది. కార్నర్ కిక్ దగ్గర ఆటగాడి ముఖం కనిపించదు, జెర్సీ నంబరు చూసి పోల్చుకోవాల్సిందే. ఆట చూడటానికి గొప్ప గ్రౌండ్ అని నేను చెప్పను. అప్పట్లోనూ చెప్పలేదు. పేరు మాత్రం మా కోనసీమదే. అమలాపురం ఎంపీగా లోక్‌సభ స్పీకరై, 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన జి.ఎం.సి. బాలయోగి గారి పేరు. మా అమ్మమ్మకి ఎన్నిసార్లు చెప్పినా అది ముమ్మిడివరం బాలయోగి స్వామి పేరేననుకునేది. మ్యాచ్‌కి వెళ్తున్నానంటే "స్వామికి దణ్ణం పెట్టుకో" అనేది.

2019 ఆగస్టులో క్లబ్ పుట్టింది. పుణే సిటీ జట్టు మూతపడితే ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో ఆ ఖాళీలోకి ఇది వచ్చింది. మొదటి మ్యాచ్ కోల్‌కతాలో ఏటీకే చేతిలో 5-0. ఆఫీసులో ఒక్కొక్కడూ నా డెస్క్ దగ్గరికొచ్చి సంతాపం చెప్పి వెళ్ళాడు. నవంబరు 2న గచ్చిబౌలిలో మొదటి హోమ్ మ్యాచ్, కేరళ బ్లాస్టర్స్ మీద. హైదరాబాద్‌లో మలయాళీలకి కొదవ లేదు కదా, స్టాండ్లలో పసుపే పసుపు, అందులో మనవాళ్ళెవరో వాళ్ళెవరో ఎవరైనా అరిస్తే తప్ప తెలియదు. రాహుల్ కేపీ గోల్ కొట్టగానే ఆ సంగతి బాగా తెలిసింది. సెకండాఫ్‌లో స్టాంకోవిచ్ పెనాల్టీ, చివర్లో మార్సెలీనో ఫ్రీ కిక్. 2-1. క్లబ్ చరిత్రలో అదే తొలి విజయం. మా ఖమ్మం స్నేహితుడు అంతకుముందు క్రికెట్ తప్ప ఏమీ చూసినవాడు కాదు, ఆ ఫ్రీ కిక్ వలలో పడ్డాక పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని పెద్దాయన్ని ఎత్తుకున్నాడు. ఆ సీజన్లో మొత్తం గెలిచింది రెండే. అన్నిటికంటే కింద ఆగాం.

తర్వాత కోవిడ్. రెండు సీజన్లు అన్ని జట్లూ గోవాలోనే, చాలావరకు తలుపులేసుకుని ఆడాయి. మా క్లబ్ బాగుపడింది సరిగ్గా అప్పుడే. మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాడు, కుర్రాళ్ళని నమ్మాడు, 2021-22లో మా స్ట్రైకర్ ఒగ్బెచే 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా స్టేడియంలో ఫైనల్, మళ్ళీ కేరళే. 88వ నిమిషం దాకా వెనకబడి ఉన్నాం. అప్పుడు సాహిల్ తవోరా గాల్లో ఉన్న బంతిని గాల్లోనే కొట్టి స్కోరు సమం చేశాడు. పెనాల్టీల్లో మా గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, కప్పు మనది. మా స్నేహితుడు ఆ గోల్ వీడియో పెట్టాడు. ముగ్గురం ఒకే ఫోనులో తల దూర్చి, ఆ గోల్ పడని గ్రౌండులో కూర్చుని దాన్ని చూశాం. మా క్లబ్ కథంతా ఇంతే. కప్పు గెలిచిన జట్టుని సొంత ఊరి జనం కళ్ళారా చూడటానికి 2022 అక్టోబరు దాకా ఆగాల్సి వచ్చింది. బెంగళూరు మీద ఒగ్బెచే చివర్లో గోల్ కొడితే 1-0తో గెలిచిన ఆ రాత్రి, డెక్కన్ లీజియన్ అభిమానుల డప్పులు నాకింకా చెవుల్లో ఉన్నాయి.

ఆ సీజన్ రెండో స్థానం, సెమీఫైనల్లో మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల ఓటమి. ఆపైన చెప్పుకోవడానికి బాధే. డబ్బులు కటకటలాడాయి, జీతాలు అందక విదేశీ ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, 2023-24లో కుర్రాళ్ళే మిగిలి సీజన్ మొత్తంలో ఒక్క మ్యాచ్ గెలిచారు. అదీ చెన్నైలో. కొత్త యజమానులొచ్చారు, ఇంకో సీజన్ నడిచింది.

2025 మార్చి 12. ఇదే గ్రౌండ్, ఎదురుగా మళ్ళీ కేరళ. నేను రాజమండ్రిలో ఉన్నాను, తమ్ముడు పరీక్షల్లో ఉన్నాడు. మా ముగ్గురిలో ఖమ్మం అతనొక్కడే వెళ్ళాడు. లగాటర్ వాళ్ళకి గోల్ కొట్టాడు. హాఫ్ టైముకి ముందు మన సౌరవ్ గోల్‌కి వీపు తిప్పి, వెనక్కి పడుతూ గాల్లోనే తన్నాడు. 1-1. అలాంటి గోల్ గచ్చిబౌలిలో ఇంకోటి పడలేదని మా వాడి వాదన. అంత వాదించేవాడు ట్రాఫిక్‌కి భయపడి పది నిమిషాల ముందే లేచి వచ్చేశాడు. "చివరిదని తెలిస్తే గార్డు తోసేదాకా కూర్చునేవాణ్ణి" అన్నాడు. అని, తన పాత సీట్లో కదలకుండా కూర్చున్నాడు. పది నిమిషాలు కాదు, అరగంట. మేం పిలవలేదు. తమ్ముడు ఒకసారి గట్టిగా "హైదరాబాద్" అని అరిచాడు, కింద పరిగెత్తే పిల్లల్లో ఒకడు చెయ్యూపాడు. మా వీడ్కోలు సభ అంతటితో సరి.

గ్రౌండ్ మాత్రం అనాథ కాలేదు. 2024 సెప్టెంబరులో దేశాల జట్లు ఆడే ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఇక్కడే జరిగింది, సిరియా గెలిచింది. నవంబరులో భారత్ మలేషియాతో ఆడింది, ఆ ఏడాది చివరి రోజున రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ ఫైనల్లో బెంగాల్ కేరళని ఓడించింది. అతిథులు వస్తూ పోతూనే ఉంటారు. ఇంట్లోవాళ్ళే లేరు.

భోజనాల దగ్గర పెద్దగా ఇబ్బంది పడలేదు. బయోడైవర్సిటీ దగ్గర షా గౌస్‌లో బిర్యానీ ఒకటి తెప్పిస్తే ఇద్దరికి ధారాళం. మేం ముగ్గురం తిన్నాం. రాత్రి డీఎల్‌ఎఫ్ ఎదురు వీధి. నేను ఉద్యోగం చేసినప్పుడు మ్యాచ్ అయ్యాక అర్ధరాత్రి దోసె తిన్నది అక్కడే. ఇప్పుడు బళ్ళు, జనం, రీల్స్ తీసేవాళ్ళు బాగా పెరిగారు. కూర్చోడానికి చోటు ఉండదు, నిలబడి తినడానికి సిద్ధపడి వెళ్ళండి. నాకు దోసె రుచి తగ్గినట్టనిపించింది, తమ్ముడికి బ్రహ్మాండం. మొదటిసారి తినేవాడి మాటే నమ్మండి.

మర్నాడు బస లక్డీకాపూల్‌కి మార్చాం. అదే డబ్బుకి పాతకాలం హోటలు, ఎత్తు సీలింగు, పొద్దున్నే తలుపు కొట్టి కాఫీ ఇచ్చే మనిషి. ఆధార్‌లు చూసి జిరాక్స్ తీసుకున్నారు, అంతే, వంశవృక్షం అడగలేదు. మెట్రో నడిచే దూరం. ఫుట్‌బాల్ కోసం ఊరు తిరగదలిస్తే గచ్చిబౌలి కంటే ఇక్కడుండటమే మేలు. ఎందుకంటే ఈ ఊరి అసలు ఫుట్‌బాల్ చరిత్ర ఇటువైపే ఉంది.

అసెంబ్లీ స్టేషన్లో దిగి లాల్ బహదూర్ స్టేడియానికి నడిచాం. మా తమ్ముడి తరానికి ఇది సభలు జరిగే చోటు. 2023 డిసెంబరులో రేవంత్ రెడ్డి ప్రమాణ స్వీకారం ఇక్కడే కదా. క్రికెట్ పిచ్చోళ్ళకి 1999లో న్యూజిలాండ్ మీద సచిన్ 186 కొట్టిన చోటు. ఫతే మైదాన్ అన్న పాత పేరు తెలిసినవాళ్ళకి మాత్రం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు గుర్తొస్తుంది. 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో జరిగే పేరున్న ఫుట్‌బాల్ పోటీ రోవర్స్ కప్‌ని వరసగా ఐదుసార్లు గెలిచిన జట్టు అది. దాని కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన చేతి కిందే భారత్ 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించేనాటికి ఆయనకి క్యాన్సర్. మరుసటి ఏడాదే పోయారు. ఆ జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం మన సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. ఇదంతా నేను స్టేడియం బయట నిలబడి తమ్ముడికి చెప్పాను. చెప్పడానికి చరిత్ర చాలా ఉంది, చూపించడానికి నాకేమీ కనబడలేదు. ఫుట్‌బాల్ కోసం హైదరాబాద్ వచ్చేవాళ్ళు ఇక్కడ ఓ గంట కంటే ఎక్కువ పెట్టుకోవద్దు. అదీ కథ తెలిసినవాళ్ళెవరైనా పక్కనుంటేనే.

స్టేడియం చుట్టూ ఉన్న క్రీడా సామాన్ల దుకాణాల్లో మాత్రం కాలక్షేపం అవుతుంది. తమ్ముడు హైదరాబాద్ ఎఫ్‌సీ జెర్సీ ఉందా అని అడిగితే దుకాణాయన లోపలికి వెళ్ళి మెస్సీది పట్టుకొచ్చాడు. "ఇదే నడుస్తుంది భయ్యా, మొన్న ఉప్పల్ వచ్చిండు గదా" అన్నాడు. 2025 డిసెంబరు 13న మెస్సీ వచ్చిన సాయంత్రం గురించే. వేలు పోసి టికెట్లు కొని చూశారు జనం. మనూళ్ళో ఫుట్‌బాల్‌కి ఆదరణ లేదని ఇక నాతో ఎవరూ అనకండి. తమ్ముడు బేరమాడి మెస్సీ జెర్సీ కొన్నాడు. నేనూ ఏమీ అనలేదు.

అక్కణ్ణుంచి నడక దూరంలోనే ఆబిడ్స్ తాజ్‌మహల్ హోటల్లో ఇడ్లీ సాంబారు, నాంపల్లి సుభాన్ బేకరీలో ఉస్మానియా బిస్కెట్లు. రెండూ సిఫార్సు చేస్తాను. బిస్కెట్లు ఊరికి పట్టుకెళ్ళేవాళ్ళు రైలెక్కే రోజే కొనుక్కోండి, లేకపోతే మా డబ్బాలా దారిలోనే ఖాళీ అవుతుంది.

ఇక మిగిలింది డెక్కన్ అరీనా. అజీజ్‌నగర్‌లో ఉంది, శ్రీనిధి డెక్కన్ జట్టు గ్రౌండ్. 2021-22లో ఐఎస్‌ఎల్ తర్వాతి లీగైన ఐ-లీగ్‌లోకి వచ్చిన ఈ జట్టు ఆ తర్వాత వరసగా రెండుసార్లు రెండో స్థానంలో నిలిచింది. గ్రౌండ్ చిన్నది, చుట్టూ ట్రాక్ లేదు, ఆటగాడు అరిస్తే వినబడుతుంది. ఆట చూసే సుఖం వరకే లెక్కేస్తే గచ్చిబౌలి దీని కాలిగోటికి సరిపోదు. ఈ మాట మా ఖమ్మం స్నేహితుడి ముందు అన్నాను. అతను రెండు నిమిషాలు మాట్లాడలేదు. దూరం మాత్రం దూరమే. మెహదీపట్నం నుంచి మొయినాబాద్, చిలుకూరు వైపు బస్సులున్నాయి. మ్యాచ్ సాయంత్రమైతే తిరుగు బండి ముందే మాట్లాడుకోవాలి. మేం మ్యాచ్ లేని రోజు వెళ్ళాం, బయటి నుంచే చూసి వచ్చాం.

అంత దూరం వెళ్ళి చిలుకూరు బాలాజీని చూడకుండా ఎలా వస్తాం? అక్కడ హుండీ లేదు, వీఐపీ దర్శనం లేదు, అందరిదీ ఒకటే వరస. వీసా కావాలన్నా, ఉద్యోగం కావాలన్నా మొక్కుకుని 11 ప్రదక్షిణలు, తీరాక వచ్చి 108. తమ్ముడు మెస్సీ జెర్సీలోనే 11 తిరిగాడు. ఏం మొక్కుకున్నావురా అంటే, "హైదరాబాద్‌కి మళ్ళీ ఐఎస్‌ఎల్ క్లబ్ రావాలని, అక్కా" అన్నాడు. స్నేహితుడు వెంటనే చెప్పులు విప్పి తనూ మొదలుపెట్టాడు, గ్రౌండ్ గచ్చిబౌలే కావాలని కూడా చేర్చానని తర్వాత చెప్పాడు. నేను తిరగలేదు. ఆ మొక్కు తీరితే 108 ప్రదక్షిణలు వాళ్ళిద్దరివే. రాజమండ్రి నుంచి గౌతమికి టికెట్లు మాత్రం నేను తీస్తాను, లింగంపల్లి దాకా.